ఫోను పెట్టేసే ముందు మాట

కిందటి నెల సూళ్లూరుపేట స్టేషన్లో, చేపల పులుసు కారియర్ ఒళ్ళో పెట్టుకుని నెల్లూరు వైపు పోయే బండి కోసం కూర్చుని ఉంటే ఒక అమ్మాయి వచ్చి నమస్కారం పెట్టింది. కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చిందట, దొరవారిసత్రం దగ్గర బడిలో వేశారట. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషినని ఎవరో చెబితే పలకరించడానికి వచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "కరోనా అప్పుడు మీకు హాయి గదా మేడం. రెండేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇచ్చినారు" అంది.

పాపం, ఎగతాళికి అనలేదు. ఊళ్ళో అందరూ అనుకునేదే ఆమె పైకి అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గట్టిగా ఏదో అనబోయేంతలో బండి వచ్చేసింది. ఆమెకు చెప్పాల్సింది, ఆమెలాగా ఇప్పుడిప్పుడే ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎక్కడెక్కడ పనిచేశానో, ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో రాయను. చదివే వాళ్ళకంటే ముందు నాకే నిద్రొస్తుంది. సర్వీసంతా లెక్కలు చెప్పాను. వేలమంది పిల్లలు నా చేతి కింద నుంచి పోయారు. అయినా మరిచిపోలేనివి ఆ రెండేళ్ళే. మస్తానమ్మ అనే పిల్ల, మస్తాన్ గారనే మా తెలుగు మాస్టారు, వీళ్ళిద్దరి సంగతి చెబితే ఆ రెండేళ్ళ సంగతీ చెప్పినట్టే.

గోవిందు బొటనవేలు

మా బడి పులికాట్ సరస్సు ఒడ్డున ఒక ఊళ్ళో ఉంది. ఊరి పేరు రాయను, నేను చెప్పబోయే మనుషుల బంధువులు అక్కడ ఇంకా ఉన్నారు. పిల్లల్లో సగం మంది చేపల వేటకు పోయే ఇళ్ళ వాళ్ళు. మిగతా వాళ్ళు వరి చేలల్లోనూ రొయ్యల గుంటల దగ్గరా పనిచేసే వాళ్ళ బిడ్డలు. బడి మూసేసిన రోజున అందరూ ఎగురుకుంటూ ఇళ్ళకు పోయారు. పది రోజుల్లో తెరుస్తారని మేమూ అనుకున్నాం. నేను హోంవర్క్ కూడా ఇచ్చి పంపాను, అంత తెలివిగల దాన్ని.

తర్వాత ఉత్తర్వులు మొదలయ్యాయి. తరగతికొక వాట్సాప్ గ్రూపు పెట్టండి, పాఠాలు వీడియో తీసి అందులో వేయండి, పిల్లలు చూశామని జవాబు పెట్టాలి, ఎందరు పెట్టారో సాయంత్రానికల్లా పంపండి. చదువుకోవడానికి బాగానే ఉంది. మా ఊళ్ళో ఇంటికొక ఫోను ఉంటే గొప్ప. అందులో వీడియో కనిపించే ఫోన్లు ఇంకా తక్కువ. ఆ ఉన్న ఒక్కటీ తెల్లారేసరికి తండ్రి జేబులో పడి పడవెక్కి పోయేది. తమాషా ఏమిటంటే ఊళ్ళో వీడియో వచ్చేంత సిగ్నల్ ఉండేది కాదు, నీళ్ళ మీద మాత్రం బ్రహ్మాండంగా ఉండేది.

నా మొదటి వీడియో సంగతి చెప్పి తీరాలి. ఇంటి గోడకు చిన్న బోర్డు తగిలించి త్రిభుజాల పాఠం చెప్పాను. మా వారు ఫోను పట్టుకున్నారు. చీర మార్చుకుని, జడ సరిచేసుకుని, చాలా శ్రద్ధగా చెప్పాను. నా వెనక కిటికీలోంచి పక్కింటి పిల్లి దూకి పోయిందని మాకు తెలియదు. మరునాడు పాఠం గురించి వచ్చిన ప్రశ్న ఒక్కటే: "మేడం, ఆ పిల్లి మీదేనా?" అందరూ అదే అడిగారు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడనిపిస్తుంది, వాళ్ళు ఆ వీడియోలో త్రిభుజం కోసం వెతకలేదు, కాస్త మనుషుల సందడి కోసం వెతికారు.

తొమ్మిదో తరగతి గ్రూపులో అందరికన్నా ముందు జవాబు వచ్చేది గోవిందు ఫోను నుంచి. గోవిందు పిల్లవాడు కాదు, తండ్రి. సరస్సు మధ్యలో వల లాగుతూ, మేం ఏది పెట్టినా బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి కొట్టేవాడు. త్రిభుజాలకు బొటనవేలు. రేపు బియ్యం ఇస్తాం రండి అంటే బొటనవేలు. మా అటెండరు తల్లి చనిపోయిందని పెడితే దానికీ బొటనవేలు. నేను ఫోన్ చేసి, "ఏం గోవిందూ, చావుక్కూడా సరే అంటావా?" అన్నాను.

"నాకు చదవను రాదు గదమ్మా" అన్నాడు సిగ్గుపడుతూ. "బడి నుంచి ఏదొచ్చినా బిరీన కొట్టకపోతే మా బిడ్డకి ఆబ్సెంటు ఏస్తారని భయం."

ఆ బిడ్డ అప్పుడు ఇంట్లో ఉంది, పాఠం నీళ్ళ మీద ఉంది. నేను పంపిన లెక్కలో మాత్రం ఆ బిడ్డ పాఠం చూసినట్టే. వేలిముద్రలు పోవాలని బడులు పెట్టుకున్నాం, చివరికి మేమే బొటనవేళ్ళు లెక్కబెట్టి పై వాళ్ళకు పంపాం.

అప్పటి మా పై అధికారి ఒకాయన ఉండేవారు. సాయంత్రమయ్యేసరికి ఫోను, "మీ శాతం ఎంత మేడం? పక్క బడి మీకంటే ముందుంది" అని. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన్నీ పైనుంచి ఎవరో అలాగే సతాయిస్తూ ఉండేవారు. అయితే ఒక మాట నిర్మొహమాటంగా చెబుతాను. శాతం అడిగే వాళ్ళకు శాతమే దొరుకుతుంది. పిల్ల ఏమైందని అడిగితేనే పిల్ల దొరుకుతుంది.

ఏం కూర?

మస్తాన్ గారిది సూళ్లూరుపేట. వాళ్ళ నాయన బజార్లో పరుపులు కుట్టేవారు. ముస్లిం ఇల్లే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగు, ఆయన బతికిందీ తెలుగు మీదే. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, పాత స్కూటర్. చెవి కాస్త మందం. పిల్లలు 'ళ'కు బదులు 'ల' పలికితే అక్కడికక్కడే ఆపి దిద్దేవారు. పెళ్ళి పత్రికలో తప్పు ఉందని ఆ పెళ్ళికి పోయి మరీ చెప్పి వచ్చిన మనిషి. మేమంతా ఆయన్ని ఏడిపించే వాళ్ళం. పిల్లలు భయపడేవారు, తెలుగు సారు అని పిలిచేవారు. నాకూ ఆ పేరే అలవాటు.

వాట్సాప్ వ్యవహారం చూసి చూసి ఒకరోజు ఆయన, "మేడం, ఈ వీడియోలు నా వల్ల కాదు. నేను ఫోన్ చేస్తాను" అన్నారు. పిల్లలు రాకపోయినా మేం బడికి పోవాలి అప్పుడు. వరండాలో ఎడంగా కుర్చీలు వేసుకుని కూర్చునే వాళ్ళం. ఆయన ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న మామూలు బటన్ల ఫోన్లకు, ఒక్కొక్క పిల్లకూ విడివిడిగా చేసేవారు. చెవి మందం కాబట్టి స్పీకర్ పెట్టుకునేవారు, అందుకే అన్నీ నాకూ వినపడేవి.

పాఠం మొదట అడిగేవారు కాదు. "ఏం కూర?" అనేవారు. మనలో ఎవరు ఎవరిని పలకరించినా ఇదే గదా, నేను పెద్దగా పట్టించుకోలేదు. కొన్నాళ్ళకు గాని ఆయన పద్ధతి నాకు అర్థం కాలేదు. పిల్లని 'బాగున్నావా' అంటే 'బాగున్నా సార్' అంటుంది, అక్కడితో సరి. కూర సంగతి అడిగితే అబద్ధం తొందరగా తోచదు. వేటకు పోయే ఇంటి పిల్ల వరుసగా పచ్చిమిరపకాయ పచ్చడి అంటే తండ్రి పడవ ఎక్కడం లేదని. పొద్దున వండలేదు అంటే తల్లికి ఒంట్లో బాగాలేదని. చారు, మళ్ళీ చారు, మళ్ళీ చారు అంటే ఆయన ఫోను పెట్టేసి నా వైపు చూసేవారు.

"చారు అంటే ఆ ఇంటికి మనం పోవాలి మేడం" అనేవారు.

పోయేవాళ్ళం. మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు ఇళ్ళకే ఇస్తున్న రోజులు గనక పోవడానికి వంక ఉండేది. అలా పోయినందువల్లే రొయ్యల గుంట కాపలా షెడ్డులో జ్వరంతో ఒంటరిగా పడి ఉన్న ఒక ఆరో తరగతి పిల్లవాణ్ణి ఆసుపత్రికి చేర్చగలిగాం. అదే మా అధికారికి చెబితే ఆయన చాలాసేపు ఆలోచించి, "మంచిదే మేడం, కానీ ఈ కూర సంగతి ఏ కాలమ్‌లో చూపిస్తారు?" అన్నారు. తెలుగు సారు దగ్గుతున్నట్టు నటించి లేచి పోయారు, నవ్వు ఆపుకోలేక.

ఇంకో పట్టింపు ఉండేది ఆయనకు, ఫోను పెట్టేసే ముందు మాట మీద. పిల్లలు ఊరికే కట్ చేస్తే ఊరుకునేవారు కాదు, మళ్ళీ చేసి, "ఏమనాలి?" అనేవారు. "ఉంటా సార్" అనాలి. అది విన్నాకే పెట్టేసేవారు.

"చూడండి మేడం, మనం ఫోను పెట్టేస్తూ ఉంటానంటాం. వెళ్ళిపోతూ ఉంటానని చెప్పే మాట ఇది. ఎంత బాగుంది" అని మురిసిపోయేవారు.

గడప దాటేటప్పుడు 'పోతా' అనకూడదు, 'పోయొస్తా' అనాలని మనందరి ఇళ్ళల్లోనూ ఉంది. వేటకు పోయే ఇళ్ళల్లో అది ఇంకా గట్టి. పడవెక్కే మగవాణ్ణి ఎక్కడికని అడగరు. అతను వస్తా అని మాత్రమే చెప్పి పోతాడు. పసిపిల్లల నోట కూడా 'పోతా' అన్న మాట రానివ్వరు.

పేరు కలిసిన ఇద్దరు

గోవిందు బిడ్డ పేరే మస్తానమ్మ. మా నెల్లూరు వైపు ఈ పేరు చూసి కులమో మతమో చెప్పలేరు. పిల్లలు నిలవక దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్ళల్లో మస్తానయ్యలూ మస్తానమ్మలూ బోలెడంత మంది. తెలుగు సారు ఆ పిల్లని "నా పేరుగల దానా" అని పిలిచేవారు, తొందరలో ఉంటే "మస్తానూ" అనేవారు. ఆయన్ని చూసి భయపడని పిల్ల బడిలో అదొక్కటే.

పద్యం వింటే చాలు, పట్టుకునేది. ఫోనులో సారు ఒకసారి చదివితే రెండోసారి ఆమె చదివేది. వెనక వాళ్ళ అవ్వ, పక్కింటి పిల్లలు గుమిగూడి వింటున్న సవ్వడి మాకు వినపడేది. పది పాసయ్యాక నెల్లూరులో కాలేజీలో చేర్చి, ఆ తర్వాత తెలుగు పండితురాలిని చేయాలని సారు పట్టుదల. గోవిందు కూడా సరేనన్నాడు. "మా ఇంట్లో ఒకరన్నా నీళ్ళ మీద గాక నేల మీద బతకాల" అన్నాడు నాతో.

మధ్యలో కొన్ని నెలలు బడి తెరిచారు. మస్తానమ్మ పదో తరగతిలో మొదటి బెంచీలో కూర్చుంది. మాస్కు వెనక పెదాలు కదులుతూనే ఉండేవి, పద్యం ఏదో నెమరు వేసుకుంటూ. ఎండలు ముదిరేసరికి మళ్ళీ మూసేశారు. ఈసారి జబ్బు ఊళ్ళోకే వచ్చింది. అంతకు ముందు ఏడు అది టీవీలో ఉండేది.

ఒకరోజు గ్రూపులో ఏదో పెట్టాను. ఎప్పుడూ అందరికన్నా ముందు వచ్చే బొటనవేలు రాలేదు. మరునాడూ రాలేదు. గోవిందుని నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారని తర్వాత తెలిసింది. అతను తిరిగి రాలేదు. ఊరికి తీసుకురానివ్వలేదు, మొహం చూడనివ్వలేదు. పడవ ఒడ్డున అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఏ గ్రూపులోనైనా ఆ బొమ్మ చూస్తే నాకు గోవిందే గుర్తొస్తాడు, ఏడుపొస్తుంది.

వేసవి సెలవులిచ్చారు. ఫోనుకు సెలవేమిటని తెలుగు సారు చేస్తూనే ఉన్నారు. మస్తానమ్మ మాట్లాడటం మానేసింది. తల్లి ఫోను తెచ్చి చెవి దగ్గర పెట్టేది. ఇటునుంచి ఈయన పద్యం చదవడం, అటునుంచి ఒక "ఊఁ". కొన్నిసార్లు అదీ ఉండేది కాదు, ఊపిరి వినపడేది. "మీరు ఎవరితో మాట్లాడుతున్నట్టు సార్?" అని ఒక కుర్ర టీచరు అడిగితే, "వింటోంది గదా నాయనా" అన్నారాయన. సెలవులైపోయి మేం మళ్ళీ బడికి పోవడం మొదలుపెట్టాక కూడా అదే వరస.

పోతా సార్

ఆ రోజు పొద్దున పదకొండు గంటల వేళ. వరండాలో నేను మార్కుల కాగితాలు సర్దుతున్నాను. రోజూ ఈయన చేసేవారు, ఆ రోజు ఆమె ఫోను నుంచే వచ్చింది. సారు గబగబా ఎత్తారు.

"ఏం కూర మస్తానూ?"

ముందు ఊపిరి వినపడింది. తర్వాత, "చారు సార్" అని ఆమె గొంతు వినపడింది.

అన్ని వారాల తర్వాత మాట. సారు నా వైపు చూసి కళ్ళెగరేశారు. నేను కాగితాలు పక్కన పెట్టేశాను.

"అవ్వ బాగుందా?"

"బాగుండాది సార్." వెనక ఏదో బండి హారన్ మోగింది. "సార్... పోతా సార్."

సారు నొసలు ముడిపడింది. "అదేం మాట? ఎన్నిసార్లు చెప్పాను? ఏమనాలి?"

హారన్ మళ్ళీ మోగింది.

"ఏమనాలి నాయనా?"

"ఉంటా సార్."

"అదీ, అలా చెప్పు" అని ఆయన ఫోను పెట్టేశారు. మొహం వెలిగిపోతోంది. "మాట్లాడింది మేడం. తప్పు మాట్లాడితేనేం, మాట్లాడింది" అన్నారు. నేను ఫ్లాస్కులో టీ ఆయనకు పోసి, నేనూ పోసుకున్నాను. ఆ రోజు మేమిద్దరం చాలా సంతోషంగా ఉన్నాం. అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ బాధ.

మరునాడు ఆ నెంబరు స్విచ్చాఫ్. ఛార్జింగ్ లేదనుకున్నాం, ఊళ్ళో కరెంటు లేదనుకున్నాం. కొన్ని రోజులు అలాగే పోయాక ఆయన స్కూటర్ మీద, నేను ఆటోలో వాళ్ళింటికి పోయాం. గడపలో అవ్వ ఎండు చేపలు ఏరుతూ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది.

"కూతురూ మనమరాలూ రొయ్యలు వలిచే షెడ్డుకి పోయినారమ్మా. వ్యానొచ్చి ఎక్కించుకోనిపోయినాడు" అంది. "ఉత్తరాన యాడో. గోవిందు లేనింట్లో ఎట్టా బతికేది?"

"ఎప్పుడు పోయారవ్వా?" అన్నాను.

"సారుతో మాట్లాడినాకనే. వ్యానాయన హారన్ కొడతా ఉంటే, ఉండన్నా, సారుకి చెప్పొస్తా అని ఫోనెత్తుకోని పక్కకి పోయింది. వచ్చినాక, సారేమన్నాడే అని అడిగినా." అవ్వ సారు వైపు చూసింది. "ఉంటా అనమన్నాడవ్వా అనింది. నాకేం అర్థం కాలేదు సామీ."

తెలుగు సారు బయటికి వచ్చి, గోవిందు పడవ దగ్గర నిలబడిపోయారు. నేను పోయి పక్కన నిలబడ్డాను. నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి, పడవ బురదలో ఉంది.

"ఇంకో పిల్ల అయితే నోరు జారిందనుకోవచ్చు మేడం" అన్నారు చివరికి. "వేటకు పోయే ఇంట్లో పుట్టిన పిల్ల. ఆ మాట దాని నోట పొరపాటున రాదు. తండ్రి పోయిన ఇంట్లో నిలబడి, ఎంత కష్టం మీద అని ఉంటుందో. నేను తప్పు దిద్దాను."

నేను ఓదార్చాలని చూశాను. చారు అన్నది గదా, అదీ మనం వినలేదని ఆయనే మళ్ళీ అన్నారు.

నూటికి నూరు

మేం చేయగలిగింది చేశాం. కూలీలను తీసుకుపోయే వ్యాను మేస్త్రీకి ఫోన్ చేస్తే ఒకసారి ఒక ఊరు, ఇంకోసారి ఇంకో ఊరు చెప్పాడు. పోలీసు స్టేషన్‌లో, "తల్లి వెంట పోయిన పిల్లని మేమెట్టా తెచ్చేదమ్మా?" అన్నారు. మా అధికారి దగ్గరికి పోయాం. ఆయన నిజంగానే ధైర్యం చెప్పాలనుకుని, "ఈ ఏడు పరీక్షలు లేవు మేడం, అందరూ పాసే. ఆ పిల్లా పాసే. మీ బడి నూటికి నూరు" అన్నారు. తెలుగు సారు ఆయన మొహంలోకి చూసి, "అవును సార్. ఒక్క పిల్ల లేదు, అంతే" అని బయటికి నడిచారు. అంత నెమ్మది మనిషి పై అధికారి ముందు అలా మాట్లాడటం నేను చూసింది అదొక్కసారే.

తర్వాత కూడా ఆయన రోజూ పదకొండింటికి ఆ నెంబరుకు చేసేవారు. స్విచ్చాఫ్ అని చెప్పే గొంతును చివరి దాకా విని, పెట్టేసి, వేరే పిల్లలకు చేసేవారు. ఆ పిల్లలు ఎవరైనా తప్పు మాట్లాడితే దిద్దడం మానేశారు. అది నాకు భరించడం కష్టమైంది. పిల్లలు 'ళ' తప్పు పలుకుతుంటే ఆయన ఊరికే వినేవారు.

అందరికీ తగ్గిపోయిందనుకుంటున్న రోజుల్లో ఆయనకు జ్వరం వచ్చింది. నెల్లూరులో చేర్చారు. రెండో రోజు నాకు ఫోన్ చేశారు. ఆయాసం, మాట తెగి తెగి వస్తోంది. ఫలానా పిల్ల వరుసగా పచ్చడి అంటోంది చూడండి, ఫలానా వాడికి అక్షరాలు మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి అని అప్పజెప్పారు. మస్తానమ్మ మాట ఎత్తలేదు. నేను, "మాట్లాడకండి సార్, ముందు తగ్గనివ్వండి" అన్నాను.

"ఉంటా మేడం" అన్నారు.

అదే ఆయన గొంతు చివరిసారి వినడం. బడి తెరిచే నాటికి ఆయన కుర్చీ వరండాలోనే ఉంది. దాన్ని లోపలికి తీయించడానికి నాకు మనసొప్పలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

బడి మళ్ళీ ఎప్పుడైనా మూయవచ్చు. జబ్బే రానక్కర్లేదు, తుఫాను వచ్చినా మూస్తాం. అప్పుడు మీ దగ్గర మా కంటే మంచి ఫోన్లు, మంచి పాఠాలు ఉంటాయి. వాటిని చూసి మురిసిపోకండి. పిల్ల గొంతు వినండి. పిల్లలు కష్టం వచ్చిందని చెప్పరు. చారు అంటారు, ఊఁ అంటారు, ఎప్పుడూ అనని మాట ఒకటి అంటారు. తప్పు మాట వచ్చినప్పుడు దిద్దే ముందు ఒక్క క్షణం ఆగండి. మాకు దిద్దడం బాగా నేర్పారు. ఆగడం ఎవరూ నేర్పలేదు.

తెలుగు సారుని తప్పుపట్టాలని ఇది రాయలేదు. నా సర్వీసులో ఆయనంత మంచి టీచరుని చూడలేదు. ఆయనకే అలా జరిగిందంటే మనకు జరగదని ఏముంది?

మొన్న ఎండాకాలంలో, మధ్యాహ్నం పూట కొత్త నెంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, నేను మస్తానమ్మని. బడికి చేసి మీ నెంబరు ఇప్పించుకున్నా."

గొంతు మారింది, పెద్దదైంది. నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఎలా ఉన్నావని అడిగితే బాగుండానంది. ఆ షెడ్డులోనే ఉందట. ఇప్పుడు వలిచే పని కాదట, తూకం దగ్గర నిలబడుతుందట. తల్లీ అక్కడే. అవ్వ పోయిన సంగతి ఆలస్యంగా తెలిసిందట.

"తెలుగు సారు నెంబరు నాకు నోటికొచ్చు మేడం. చేస్తే వేరే ఎవురో ఎత్తినారు. సారు నెంబరు మార్చినాడా?" అంది.

చెప్పక తప్పలేదు. చెప్పాను. అటునుంచి నీళ్ళ గొట్టం చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేక వినపడ్డాయి.

"సారుకి ఒక మాట చెబుదామని చేసినా మేడం" అంది తర్వాత. "ఆ పొద్దు నేను పోతా అని చెప్పినా. ఆయన ఉంటా అనమన్నాడు. అనేసి వ్యానెక్కినా. సారుకి ఉంటానని చెప్పి పోయినా గదా, అది తప్పని చెబుదామని. ఇన్నాళ్ళూ మొగం చెల్లక చేయలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. తప్పు నీది కాదని, తనదేనని ఆయన బెంగపెట్టుకున్నారని, రోజూ పదకొండింటికి నీ నెంబరుకు చేసేవారని చెప్పాను. ఆమె కూడా ఏడ్చింది. ఇద్దరం ఏడ్చి ఊరుకున్నాక ఫోను పెట్టేయాలి. ఆమె పోతా అనలేదు, ఉంటా అనలేదు. నాకూ నోరు రాలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాం.

"ఏం కూర మేడం?" అంది ఉన్నట్టుండి.

"వంకాయమ్మా. నువ్వో?"

కాస్త ఆగి, "చారు మేడం" అంది.

ఈసారి నేను ఫోను పెట్టేయలేదు. మీ షెడ్డు ఏ ఊళ్ళో ఉంది, ఏ స్టేషన్లో దిగాలి అని అడిగి, చెప్పిందాకా వదల్లేదు. ఎండలు తగ్గాక బడికి పోయి, ఎవరూ తీసుకోకుండా ఉండిపోయిన ఆమె పదో తరగతి సర్టిఫికెట్ తీసుకున్నాను. వాళ్ళ ఊరి ఒడ్డున చేపలు కొని పులుసు పెట్టాను.

ఆ కొత్త టీచరు పలకరించిన రోజు స్టేషన్లో నేను కూర్చున్నది అక్కడికి పోయే బండి కోసమే.